రేడియేషన్‌లో ఏ పద్ధతి మేలు? క్యాన్సర్ కణానికీ మంచి కణానికీ ఉన్న తేడాను బట్టి ఎంచుకోవడం

రేడియేషన్ చికిత్స అవసరమని డాక్టరు చెప్పగానే చాలా కుటుంబాల్లో చర్చ యంత్రాల మీదికి మళ్లుతుంది. ఏది కొత్తది? ప్రోటాన్ మంచిదా, మామూలు ఎక్స్‌రే మంచిదా? అయిదు రోజుల్లో ముగించేది ఉండగా ఆరు వారాలు ఎందుకు తిరగాలి? అడగదగిన ప్రశ్నలే. కానీ వీటికంటే ముందు అర్థం చేసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టదు. దారిలో ఏ కణం ఉంటే దానికి తగులుతుంది. అయినా చికిత్స ముగిసేసరికి క్యాన్సర్ కణాలు ఎక్కువగా చనిపోయి, మంచి కణాలు ఎక్కువగా మిగులుతున్నాయంటే, దానికి కారణం దెబ్బ తగిలిన తర్వాత ఆ రెండు రకాల కణాల్లో జరిగే పనుల్లో ఉంది.

ఆ తేడా నిజానికి చిన్నది. రేడియోథెరపీలో వందేళ్లకు పైగా జరిగిన కృషి అంతా ఆ చిన్న తేడాను పెంచడం కోసమే. కొన్ని పద్ధతులు కాలాన్ని ఉపయోగించుకుని పెంచుతాయి, కొన్ని దూరాన్ని, కొన్ని మందుల్ని. మీకు సూచించిన రెండు మూడు పద్ధతుల్లో ఏది దేని మీద ఆధారపడుతోందో తెలుసుకుంటే, డాక్టరుతో మాట్లాడేటప్పుడు యంత్రం పేరు పట్టుకుని వేలాడాల్సిన పని ఉండదు.

దెబ్బ ఒకటే, తేరుకోవడంలోనే తేడా

రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు. ఒక కిలో కణజాలంలో ఒక జౌల్ శక్తి దిగితే అది ఒక గ్రే. ఇది ఎంత తక్కువ శక్తి అంటే, దానివల్ల కణజాలం ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. రేడియేషన్ కణాలను వేడితో కాల్చి చంపడం లేదు. అది చేసే ప్రధాన నష్టం డీఎన్‌ఏ మీద. ఒక గ్రే ఎక్స్‌రేలు తగిలిన కణంలో డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒక్కటి మాత్రమే తెగిన చోట్లు దాదాపు వెయ్యి ఉంటాయి. రెండు పోగులూ ఒకే చోట తెగినవి 35 నుంచి 40 వరకు ఉంటాయి. ఇందులోనూ మూడింట రెండు వంతుల నష్టం కిరణం నేరుగా తగిలి జరిగింది కాదు. కిరణం కణంలోని నీటి అణువులను చీలుస్తుంది, వాటి నుంచి పుట్టిన హైడ్రాక్సిల్ ర్యాడికల్స్ అనే చురుకైన రసాయన తునకలు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి.

ఒక పోగు తెగితే కణానికి పెద్ద ఇబ్బంది లేదు. ఎదురుగా ఉన్న పోగును చూసుకుని సరిచేసుకుంటుంది. రెండూ తెగినప్పుడే కష్టం. ముక్కలు తప్పుగా అతుక్కుంటే క్రోమోజోముల ఆకృతి చెడిపోతుంది. అలాంటి కణం అప్పటికప్పుడు చావకపోవచ్చు. తర్వాత విభజనకు సిద్ధపడినప్పుడు, ఒకసారో రెండుసార్లో విభజన జరిగాక, నిలవలేక చనిపోతుంది.

మంచి కణంలో ఈ నష్టాన్ని పసిగట్టే వ్యవస్థ పనిచేస్తూ ఉంటుంది. అది విభజనను ఆపి, మరమ్మతుకు సమయం ఇస్తుంది. బాగుచేయలేనంత నష్టం జరిగితే కణాన్ని పక్కకు తప్పిస్తుంది. ఈ కాపలా పనిలో కీలకమైన టీపీ53 జన్యువు దాదాపు సగం క్యాన్సర్లలో చెడిపోయి ఉంటుంది. మరమ్మతు జన్యువుల్లోనూ చాలా క్యాన్సర్లలో లోపాలు ఉంటాయి. అదుపు లేకుండా పెరగడానికి క్యాన్సర్ కణం ఏ బ్రేకులను తెంచుకుందో, రేడియేషన్ తగిలినప్పుడు ఆగి బాగుపడడానికి కావాల్సినవీ సరిగ్గా ఆ బ్రేకులే. తెగిన డీఎన్‌ఏతోనే విభజనకు పరుగెత్తి అది చనిపోతుంది.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిదిద్దాలి. క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి కాబట్టి రేడియేషన్‌కు చస్తాయి, మంచివి నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి బతుకుతాయి అని తరచూ చెబుతుంటారు. ఇది సగం నిజమే. వేగంగా విభజన చెందే కణాలు ఎక్కువ సున్నితమని 1906లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు బెర్గోనియే, త్రిబొందో చెప్పిన మాట స్థూలంగా నిలిచింది. కానీ ఎముక మజ్జ, పేగు లోపలి పొర, నోటి పొర అనేక కణితుల కంటే వేగంగా విభజన చెందుతాయి. అందుకే అవి మొదట బాధపడతాయి. రక్తంలోని లింఫోసైట్ కణాలైతే విభజన జరగకుండానే, చాలా తక్కువ డోసుకే చనిపోతాయి. మరోపక్క మెదడులో పుట్టే గ్లయోబ్లాస్టోమా ఎంతో వేగంగా పెరిగేదే అయినా 60 గ్రేలకు కూడా పూర్తిగా లొంగదు. లింఫ్ గ్రంథుల్లో పుట్టే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ తొలి దశలో ఉంటే కీమో తర్వాత 20 గ్రేలు సరిపోయే సందర్భాలున్నాయి. కాబట్టి పక్కింటివారికి ఎన్ని గ్రేలు ఇచ్చారో పోల్చుకుని మనకు తక్కువ ఇస్తున్నారనో ఎక్కువ ఇస్తున్నారనో ఆందోళన పడడంలో అర్థం లేదు.

కణం విభజన సమయంలో చనిపోతుంది అనే విషయానికి మరో పర్యవసానం ఉంది. నెమ్మదిగా విభజన చెందే కణితి నెమ్మదిగానే కరుగుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయ్యాక రక్తపరీక్షలో చూసే పీఎస్‌ఏ అంకె తగ్గుతూ కనిష్ఠానికి చేరడానికి ఏడాదికి పైగా పట్టడం మామూలే. చికిత్స సగంలో ఉండగా కణితి తగ్గలేదని దిగులుపడి పద్ధతి మార్చుకోవడం చాలావరకు తొందరపాటు.

విడతలుగా ఎందుకు ఇస్తారు

ఒకేసారి పెద్ద డోసు ఇచ్చి ముగించాలని తొలినాళ్లలో చాలామంది ప్రయత్నించారు. 1920ల్లో పారిస్‌లో క్లాడియస్ రెగో పొట్టేళ్ల వృషణాల మీద చేసిన ప్రయోగాలు దారి చూపించాయి. వీర్యోత్పత్తి పూర్తిగా ఆగేంత డోసును ఒకేసారి ఇస్తే పైచర్మం తీవ్రంగా దెబ్బతింది. అదే పనిని విడతలుగా చేస్తే వీర్యోత్పత్తి ఆగింది, చర్మం నిలిచింది. ఎడతెగకుండా విభజన చెందే వీర్యకణజాలాన్ని కణితికి నమూనాగా తీసుకుని, ఆయన సహచరుడు ఆన్రీ కుటార్ ఇదే పద్ధతిని గొంతు క్యాన్సర్లకు వాడాడు. ఈనాటికీ ఎక్కువమందికి ఇచ్చే చికిత్సకు పునాది అదే: రోజుకు 1.8 నుంచి 2 గ్రేలు, వారానికి అయిదు రోజులు, అయిదు నుంచి ఏడు వారాలు.

దీని వెనుక లెక్క చూడండి. ఒక్క విడత తర్వాత క్యాన్సర్ కణాల్లో నూటికి 50, మంచి కణాల్లో నూటికి 70 బతికాయనుకుందాం. ఇవి వివరించడానికి తీసుకున్న అంకెలే. ఒకసారికి ఆ తేడా పెద్దదేమీ కాదు. అదే 30 విడతలు పూర్తయ్యేసరికి క్యాన్సర్ కణాల్లో వంద కోట్లకు ఒకటి మిగులుతుంది, మంచి కణాల్లో లక్షకు రెండు మిగులుతాయి. ఇరవై వేల రెట్లకు పైగా తేడా. ఒక గ్రాము కణితిలో దాదాపు వంద కోట్ల కణాలుంటాయని అంచనా వేస్తారు. ముప్పై సార్లు ఎందుకు తిప్పుతున్నారు అనే ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లో ఉంది. పైగా మంచి కణజాలానికి చుట్టుపక్కల దెబ్బతినని మూలకణాల నుంచి కొత్తవి పుట్టే అవకాశం ఈ లెక్కలో కలపనే లేదు.

విడతల మధ్య విరామంలో ఇంకా కొన్ని పనులు జరుగుతాయి. మంచి కణాలు చాలా మరమ్మతును ఆరు గంటల్లో పూర్తి చేసుకుంటాయి. రోజుకు రెండుసార్లు ఇచ్చే పద్ధతుల్లో కనీసం ఆరు గంటల ఎడం పాటించేది ఇందుకే. ఇక కణితి మధ్యలో రక్తనాళాలు చాలక ఆక్సిజన్ అందని కణాలు ఉంటాయి. ఆక్సిజన్ ఉన్న కణంతో పోలిస్తే అవి చావడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. బయటి పొరలు చనిపోయేకొద్దీ లోపలి వాటికి ఆక్సిజన్ అందుతుంది, తర్వాతి విడతకు అవి లొంగుతాయి.

విరామంలో కణితి కూడా తిరిగి పెరుగుతుంది. ముఖ్యంగా తల, మెడ భాగాల క్యాన్సర్లలో చికిత్స మొదలైన నాలుగు వారాల తర్వాత మిగిలిన కణాలు వేగం పుంజుకుంటాయి. అప్పటి నుంచి ఒక్కో రోజు ఆలస్యం కణితి అదుపులో ఉండే అవకాశాన్ని సగటున ఒక శాతానికి పైగా తగ్గిస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ కలిపి మొత్తం ఎనిమిది వారాల్లో ముగించాలని చెప్పేది కూడా ఇందుకే. ఈ రెండు క్యాన్సర్ల విషయంలో నా సలహాలో మొహమాటం లేదు. దూరంగా ఉన్న అత్యాధునిక కేంద్రానికి పోయి మధ్యమధ్య రోజులు మానేయడం కంటే, క్రమం తప్పకుండా చేరగలిగిన కేంద్రంలో మంచి బృందంతో సకాలంలో పూర్తి చేయడం మేలు.

అయిదు రోజులా, అయిదు వారాలా

ఎంపికలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మంచి కణజాలాలన్నీ ఒకే తీరుగా స్పందించవు. చర్మం, నోటి పొర, పేగు పొర, ఎముక మజ్జ రెండు మూడు వారాల్లోనే ఇబ్బంది చూపిస్తాయి. చికిత్స ముగిసిన కొన్ని వారాల్లో చాలావరకు కోలుకుంటాయి కూడా. వెన్నుపాము, మూత్రపిండం, ఊపిరితిత్తి, మెదడు, గుండె, చర్మం కింది మెత్తటి కణజాలం వేరు. వాటిలో దెబ్బ నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. వచ్చాక సాధారణంగా వెనక్కి పోదు. ఈ రెండో రకం కణజాలాలకు మొత్తం డోసు కంటే ఒక్కో విడతలో ఎంత పడిందన్నది చాలా ముఖ్యం. చిన్న విడతలను అవి బాగా తట్టుకుంటాయి, పెద్ద విడతలకు తల్లడిల్లుతాయి.

అత్యధిక క్యాన్సర్లు మొదటి రకం కణజాలంలా నడుచుకుంటాయి. విడతను చిన్నది చేసినా వాటికి కలిసివచ్చేది తక్కువ. వెన్నుపాముకు, గుండెకు మాత్రం చాలా కలిసివస్తుంది. చిన్న విడతల్లో ఎక్కువ రోజులు ఇచ్చే పద్ధతికి ఉన్న బలం ఇదే.

ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం రెండో రకం కణజాలంలా నడుచుకుంటుంది, పెద్ద విడతలకు ఎక్కువ స్పందిస్తుంది. రొమ్ము క్యాన్సర్ కూడా కొంతవరకు అంతే. అందుకే ఈ రెండింటిలో తక్కువ రోజుల చికిత్సలు నిలబడ్డాయి. బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్ ఫార్వర్డ్ అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో శస్త్రచికిత్స తర్వాత ఒక వారంలో అయిదు విడతల్లో ఇచ్చిన 26 గ్రేలు, మూడు వారాల్లో 15 విడతల్లో ఇచ్చిన 40 గ్రేల కంటే అయిదేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టే విషయంలో వెనకబడలేదు. ప్రోస్టేట్‌కు 37 విడతల బదులు 20 విడతలు చాలని 2016లో మరో బ్రిటిష్ అధ్యయనం చూపింది. ముప్పు తక్కువగా లేదా మధ్యస్థంగా ఉన్నవారిలో అయిదు విడతలు కూడా సరిపోతాయని 2024లో మరొకటి చూపింది.

కాబట్టి తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు అయిదు రోజుల చికిత్స చాలంటే, తక్కువ వైద్యం చేస్తున్నారేమో అని అనుమానించకండి. అక్కడ తగ్గింది రోజులే, కణం మీద ప్రభావం కాదు. అదే గొంతు క్యాన్సర్‌కు లేదా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆరేడు వారాలు చెప్పినప్పుడు, రొమ్ముకు అయిదు రోజుల్లో అయిపోయిందిగా అని ఒత్తిడి చేయడం సరికాదు. కణితి స్వభావం వేరు, పక్కనున్న అవయవాలు వేరు.

ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పి విషయం ఇంకా సులువు. ఒకే విడతలో ఇచ్చే 8 గ్రేలు, పది రోజుల కోర్సు దాదాపు సమానంగా నొప్పి తగ్గిస్తాయి. ఒక్క విడత తీసుకున్నవారికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సిన అవసరం కాస్త ఎక్కువసార్లు వస్తుంది. నీరసించి ఉన్న మనిషిని పదిసార్లు ఆసుపత్రికి మోసుకెళ్లే కంటే ఒక్కసారే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. ఎముక విరిగే ప్రమాదం ఉన్నా, వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నా ఆలోచన వేరుగా సాగాలి.

దూరాన్ని ఉపయోగించుకునే పద్ధతులు

కణాల మధ్య తేడాను ఎంత పెంచినా, మంచి కణానికి అసలు డోసే తగలకపోతే అంతకంటే కావాల్సింది లేదు. ఐఎంఆర్‌టీ, ఎస్‌బీఆర్‌టీ, ప్రోటాన్, బ్రాకీథెరపీ అని వినిపించే పేర్లలో ఎక్కువ భాగం ఈ ప్రయత్నానికి చెందినవే.

ఐఎంఆర్‌టీలో అనేక కోణాల నుంచి వచ్చే కిరణాల తీవ్రతను తునకలు తునకలుగా మార్చి, డోసును కణితి ఆకారానికి తగ్గట్టు మలుస్తారు. తల, మెడ క్యాన్సర్లలో దీని మేలు స్పష్టంగా నిరూపితమైంది. 2011లో వెలువడిన పార్‌స్పోర్ట్ అధ్యయనంలో పాత పద్ధతి తీసుకున్నవారిలో ఏడాది తర్వాత 74 శాతం మందికి చెప్పుకోదగ్గ స్థాయిలో నోరు ఎండిపోతే, లాలాజల గ్రంథులను తప్పించిన ఐఎంఆర్‌టీ తీసుకున్నవారిలో అది 38 శాతం. జీవితాంతం ప్రతి ముద్దకూ నీళ్లు తాగాల్సిన బాధ తప్పడం చిన్న విషయం కాదు. గొంతు భాగంలో చికిత్స అయితే ఇది అందుతుందో లేదో తప్పక అడగండి. ఇందులో లోపం కూడా ఒకటుంది. ఎక్కువ కోణాల నుంచి రావడం వల్ల తక్కువ డోసు ఎక్కువ భాగానికి పరుచుకుంటుంది. చిన్నపిల్లల్లో, యువతలో దశాబ్దాల తర్వాత రెండో క్యాన్సర్ ముప్పును లెక్కించేటప్పుడు దీన్ని గమనించాలి.

ఎస్‌బీఆర్‌టీ తీరు పూర్తిగా వేరు. ఒకటి నుంచి అయిదు విడతల్లో చాలా పెద్ద డోసులు ఇస్తారు. మంచి కణానికి మరమ్మతు వల్ల దొరికే రక్షణను ఇది చాలావరకు వదులుకుంటుంది. దాని భరోసా అంతా గురి మీదే. పెద్ద విడత పడిన చోట ఏ కణమైనా చనిపోవాల్సిందే, కాబట్టి మంచి కణజాలం ఆ చోట ఉండకూడదు. శస్త్రచికిత్సకు తట్టుకోలేని రోగుల్లో ఊపిరితిత్తి అంచున ఉన్న చిన్న కణితికి ఇది చాలా మంచి ఎంపిక, అదుపులోకి వచ్చే శాతం తొంభైకి పైనే ఉంటుంది. అదే కణితి ఊపిరితిత్తి మధ్యలో, పెద్ద శ్వాసనాళాన్ని ఆనుకుని ఉంటే మూడు విడతల పద్ధతి ప్రమాదకరం. అప్పుడు విడతలు పెంచుతారు, లేదా మరో దారి చూస్తారు. కణితి పెద్దదై, పేగుకో నరానికో అతుక్కుని ఉంటే త్వరగా అయిపోతుందన్న కారణంతో దీన్ని కోరుకోకండి.

ప్రోటాన్ల గురించి వస్తున్న ప్రచారంలో ఒక ముఖ్యమైన విషయం మరుగున పడుతోంది. కణానికి నష్టం చేయడంలో ప్రోటాన్‌కు, ఎక్స్‌రేకు పెద్ద తేడా లేదు. చికిత్స లెక్కల్లో ప్రోటాన్ ప్రభావాన్ని ఎక్స్‌రేకు 1.1 రెట్లుగా తీసుకుంటారు, అంతే. ప్రోటాన్ గొప్పతనమంతా ఆగిపోవడంలో ఉంది. ఎక్స్‌రే శరీరంలోకి దూరి అవతలి నుంచి బయటికి పోతుంది. ప్రోటాన్ తన శక్తిలో ఎక్కువ భాగాన్ని నిర్ణీత లోతులో వదిలి అక్కడే నిలిచిపోతుంది. ఈ గుణం చికిత్సకు పనికివస్తుందని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లోనే రాశాడు. కణితి వెనుక కాపాడుకోవాల్సిన సున్నితమైన అవయవం ఉన్నప్పుడు దీని విలువ ఎక్కువ. పిల్లల మెదడు, వెన్ను చికిత్సల్లో, పుర్రె అడుగు భాగంలోని కణితుల్లో, ఒకసారి రేడియేషన్ తీసుకున్న చోట మళ్లీ ఇవ్వాల్సినప్పుడు దీన్ని గట్టిగా పరిశీలించాలి. ప్రోస్టేట్ విషయంలో మాత్రం ప్రోటాన్‌ను ఐఎంఆర్‌టీతో నేరుగా పోల్చిన అమెరికా అధ్యయనంలో మలవిసర్జన ఇబ్బందుల్లో గాని, క్యాన్సర్ అదుపులో గాని తేడా కనిపించలేదని 2024లో వెల్లడించారు. దాని కోసం అప్పులు చేసి దూరదేశాలకు వెళ్లాలనుకునే ప్రోస్టేట్ రోగికి అవసరం లేదనే చెబుతాను.

కార్బన్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కార్బన్ పరమాణువులు, ప్రోటాన్‌కు భిన్నం. అవి ఆగడమే కాక డీఎన్‌ఏ రెండు పోగులనూ దగ్గర దగ్గరగా అనేక చోట్ల తెంచుతాయి. అంత నష్టాన్ని బాగుచేసుకోవడం ఏ కణానికైనా కష్టం, ఆక్సిజన్ లేకపోయినా వాటి ప్రభావం పెద్దగా తగ్గదు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి ఈ చికిత్స ఇస్తున్నారు. మామూలు రేడియేషన్‌కు లొంగని కొన్ని అరుదైన కణితులకే దీని అవసరం ఉంటుంది.

బ్రాకీథెరపీలో రేడియోధార్మిక మూలాన్ని కణితి లోపల గాని, పక్కన గాని ఉంచుతారు. చిన్న మూలం నుంచి దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది. ఏ ఖరీదైన యంత్రమూ దీనితో సులువుగా పోటీపడలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బయటి రేడియేషన్ తర్వాత ఇచ్చే ఈ చికిత్స అదనపు సదుపాయం కాదు, నయం చేసే చికిత్సలో ప్రధాన భాగం. లోపల పరికరం పెడతారన్న భయంతో దీన్ని వదిలేసి, దాని బదులు బయటి నుంచే ఇంకొన్ని విడతలు ఇవ్వమని అడిగేవారున్నారు. దయచేసి అలా చేయకండి. దాన్ని వదులుకున్నవారిలో బతికే అవకాశాలు తగ్గుతాయి. నొప్పి గురించి భయం ఉంటే మత్తు ఇచ్చే పద్ధతుల గురించి అడగండి.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్ 131 మాత్రం ఈ వరుసలో చేరదు. థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను తామే లోపలికి లాక్కుంటాయి, కాబట్టి గురిపెట్టే పని కణమే చేస్తుంది. కణం ఆ గుణాన్ని కోల్పోతే చికిత్స పనిచేయదు. ముందు స్కాన్ చేసి చూసేది అందుకే.

మందులు, అలవాట్లు

రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ వంటి కీమో ఇస్తే క్యాన్సర్ కణం మరమ్మతు చేసుకోవడం ఇంకా కష్టమవుతుంది. తల, మెడ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో ఈ జోడింపు ప్రాణాలు నిలిపింది. అయితే మంచి కణం మరమ్మతు కూడా దెబ్బతింటుంది, నోటి పుండ్లు తీవ్రమవుతాయి. తల, మెడ క్యాన్సర్లలో వయసు డెబ్బై దాటినవారికి ఆ అదనపు లాభం బాగా తగ్గిపోతుంది. పెద్ద వయసువారికి కీమో లేకుండా రేడియేషన్ ఒక్కటే చాలని డాక్టరు అంటే అది నిర్లక్ష్యం కానక్కర్లేదు.

చికిత్స కాలంలో పొగ తాగితే రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. తల, మెడ రేడియేషన్ తీసుకుంటూ పొగ మానని వారిలో ఫలితాలు బాగా తక్కువగా ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. పెద్ద మోతాదు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలకూ దూరంగా ఉండాలి. అవి ర్యాడికల్స్‌ను మింగేస్తాయి, కానీ మంచి కణాన్ని మాత్రమే కాపాడాలన్న వివేకం వాటికి లేదు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులకు విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూసిన అధ్యయనంలో దుష్ప్రభావాలు తగ్గాయి గాని, క్యాన్సర్ తిరగబెట్టే సూచనలు కూడా పెరిగాయి. రోజూ తినే కూరగాయలకూ పండ్లకూ ఈ హెచ్చరిక వర్తించదు.

శస్త్రచికిత్సా, రేడియేషనా

కొన్ని క్యాన్సర్లలో ఈ ప్రశ్న నిజంగానే రోగి చేతుల్లో ఉంటుంది. స్వరపేటిక క్యాన్సర్ ముదిరిన దశలో కీమోతో మొదలుపెట్టి రేడియేషన్ ఇస్తే, రెండేళ్ల మనుగడ శస్త్రచికిత్సతో సమానంగా ఉంటూనే దాదాపు మూడింట రెండు వంతుల మందిలో స్వరపేటిక నిలిచిందని 1991లో అమెరికాలో తేలింది. చిన్న రొమ్ము కణితిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ఇరవై ఏళ్ల తర్వాత కూడా మనుగడ సమానమే. ఒక పరిధికే పరిమితమైన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనం పదిహేనేళ్లు గమనించి, శస్త్రచికిత్స, రేడియేషన్, పరీక్షలతో కనిపెట్టుకుని ఉండడం, ఈ మూడింటిలో దేన్ని ఎంచుకున్నా ఆ క్యాన్సర్‌తో మరణించినవారు సుమారు 3 శాతమేనని చెప్పింది. తేడా ఇబ్బందుల్లో ఉంది. శస్త్రచికిత్స తర్వాత మూత్రం ఆగకపోవడం, లైంగిక సామర్థ్యం తగ్గడం ఎక్కువ. రేడియేషన్ తర్వాత మలవిసర్జన ఇబ్బందులు ఎక్కువ. వీటిలో దేన్ని భరించగలరో రోగికి తప్ప మరొకరికి తెలియదు.

కొందరిలో రేడియేషన్ వైపు మొగ్గే ముందు రెండుసార్లు ఆలోచించాలి. పుట్టుకతోనే ఏటీఎం జన్యువు రెండు ప్రతులూ చెడిపోయినవారి మంచి కణాలు కూడా డీఎన్‌ఏ తెగుదలను సరిచేసుకోలేవు. వారికి మామూలు డోసే ప్రాణాంతకం కావచ్చు. టీపీ53 లోపం వారసత్వంగా వచ్చినవారిలో రేడియేషన్ పడిన చోట కొత్త క్యాన్సర్ పుట్టే ముప్పు ఎక్కువ, కాబట్టి రొమ్ము క్యాన్సర్‌లో రొమ్మంతా తీసేయడమే వారికి మేలు కావచ్చు. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా జబ్బు చురుగ్గా ఉండడం, గర్భం, గుండెలో పేస్‌మేకర్, గతంలో తీసుకున్న రేడియేషన్ వంటివి అడగకపోయినా చెప్పాలి.

డాక్టరును అడగాల్సినవి

నేనైతే యంత్రం పేరుతో మొదలుపెట్టను. నా కణితికి పక్కనే ఉన్న అవయవాల్లో మీరు ఎక్కువగా భయపడుతున్నది దేనికి? దానికి ఎన్ని గ్రేలు పడతాయి, హద్దు ఎంత? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే బృందం మంచి బృందం. వెన్నుపాముకు మామూలు విడతల్లో 45 గ్రేల దగ్గర గీత గీస్తారు, ప్రధాన లాలాజల గ్రంథికి సగటున 25 గ్రేల లోపు ఉంచాలని చూస్తారు. మీ ప్రణాళికలో ఆ అంకెలు ఎంతున్నాయో చూపించమని అడగడం మీ హక్కు. ఆ తర్వాత విడతల సంఖ్యకు కారణం, కీమో జత చేయడానికి గాని చేయకపోవడానికి గాని కారణం, యంత్రం చెడిపోయి రోజులు పోతే ఎలా సర్దుతారన్నది అడగండి. పిల్లలు కావాలనుకునే వయసైతే వీర్యం లేదా అండాలు భద్రపరచడం గురించి మొదటి విడతకు ముందే మాట్లాడాలి. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ తీసుకున్న మనిషి నుంచి ఇంట్లో ఎవరికీ కిరణాలు సోకవు, పసిపిల్లలను ఎత్తుకోవచ్చు. శరీరంలో శాశ్వతంగా రేడియోధార్మిక గింజలు అమర్చినా, అయోడిన్ వంటి మందు తాగించినా కొంతకాలం జాగ్రత్తలుంటాయి.

చికిత్స పూర్తయ్యాక ఏ భాగానికి, ఏ పద్ధతిలో, మొత్తం ఎన్ని గ్రేలు, ఎన్ని విడతల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఇచ్చారో రాసిన సారాంశాన్ని అడిగి తీసుకోండి. వీలైతే ప్రణాళిక తాలూకు కంప్యూటర్ ఫైలు కాపీ కూడా తీసుకోండి. వెన్నుపాము, మూత్రపిండం వంటి కణజాలాలు పడిన డోసును ఏళ్ల తర్వాత కూడా పూర్తిగా మరచిపోవు. పదేళ్ల తర్వాత అదే చోట మళ్లీ రేడియేషన్ అవసరమైతే ఇంకెంత ఇవ్వవచ్చో కొత్త డాక్టరు లెక్కించేది ఆ కాగితంలోని అంకెలతోనే.